పది అయినంక ఏడాది విదేశంలో చదువు: తక్కువ ఖర్చుతో ఎట్ల పంపాలె?

కాజీపేట_టీచరమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది కాజీపేట. మా ఆయన లోకోషెడ్ల పని చేస్తడు, నేను ఇక్కడే ఒక ప్రైవేట్ బడిలో లెక్కలు చెప్తా. మా బిడ్డ ఈ మార్చిలో పది రాస్తది. స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. మరీ టాపర్ కాదు గానీ మాటకారి. ఎవరింటికి పోయినా పది నిమిషాల్లో వంటింట్ల తేలుతది.

సంక్రాంతి సెలవులకు ముందు వాళ్ల బడికి ఒక కన్సల్టెన్సీ వాళ్లు వచ్చి, అమెరికా హైస్కూల్లో ఏడాది చదువు, అక్కడి కుటుంబంతో ఉండుడు అని ప్రొజెక్టర్ మీద ఫొటోలు చూపించి పోయిండ్రు. అప్పటి నుంచి ఇంట్ల పొద్దున లేస్తే అదే ముచ్చట. ఫోన్ చేసి అడిగితే 12 లక్షలు అన్నరు, విమానం టికెట్ వేరే. నెలాఖరు లోపల 50 వేలు కడితే సీటు ఆపి పెడతరట.

మా దగ్గర నాలుగు లక్షల దాకా సర్దుబాటు అయితది. అంతకు మించితే బంగారం కుదువ పెట్టాలె, అది నాకు ఇష్టం లేదు. మా అత్తమ్మ అయితే "ఇంటర్ల చేర్పించాల్సిన పిల్లను తీస్కపోయి పరాయోళ్ల ఇంట్ల పెడ్తవా" అని గొడవ. నిజంగ తక్కువ ఖర్చుతో పోయే దారులు ఏమన్న ఉన్నయా? వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి ఎవరన్న పిల్లలను పంపిండ్రా? తెలిసినోళ్లు చెప్పండి. కొడుకు కూడా ఉన్నడు, ఎనిమిదో తరగతి, జిల్లా పరిషత్ బడి. వాడు అక్క పోతే నేనూ పోతా అంటడు.

ఓరుగల్లు_బీటెక్:

అక్కా, ఏడాది దండగ. మా క్లాసోళ్లు ఎనిమిది నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని రుద్దుకున్నరు. ఇప్పుడు గ్యాప్ తీసుకుంటే రేపు ఇంటర్ల జూనియర్ల పక్కన కూర్చోవాలె. ఇంజనీరింగ్ అయినంక ఎంఎస్‌కు ఎట్లా పోతది కదా, అప్పుడు చూస్తది అమెరికా.

నక్కలగుట్ట_మందుల_షాపు:

తమ్ముడూ, ఎంఎస్‌కు పోయినోళ్లు నలుగురు మనోళ్లతోని ఒక రూమ్ తీసుకొని, పప్పుచారు వండుకొని, నలుగురితోనే తెలుగుల మాట్లాడుకొని వస్తరు. ఇది అది కాదు. జూనియర్ల పక్కన కూర్చుంటే ఏమైతది, అరిగిపోతరా?

టీచరమ్మా, మొదటి మాట: ఆ 50 వేలు కట్టకు. నెలాఖరు అని తొందర పెట్టేటోడు ఎవడైనా సరే, వాని దగ్గర సీటు ఉన్నట్టు కాదు, వానికి టార్గెట్ ఉన్నట్టు.

రెండో మాట, వాళ్లకు మళ్ల ఫోన్ చేసి ఒక్కటే అడుగు. వీసా కోసం బిడ్డ చేతికి ఏ కాగితం ఇస్తరు, డీఎస్-2019 ఆ, ఐ-20 ఆ? దీని మీదనే మొత్తం లెక్క మారిపోతది. డీఎస్-2019 అంటే జే-1 వీసా, అసలైన ఎక్స్‌ఛేంజ్. దీంట్ల పిల్లను ఇంట్ల పెట్టుకునే అమెరికా కుటుంబానికి పైసలు ఇయ్యరాదు, అది అక్కడి ప్రభుత్వ నిబంధన. వాళ్లు ఇష్టపడి ఉత్తగనే పెట్టుకుంటరు, అన్నం పెడ్తరు. వాళ్లకు నేరచరిత్ర ఏమన్న ఉన్నదా అని ముందే తనిఖీ అయితది. నెలకొకసారి ఆ ఊర్ల ఉండే కోఆర్డినేటర్ పిల్లతోని మాట్లాడాలె. ఐ-20 అంటే ఎఫ్-1 వీసా, మామూలు విద్యార్థి వీసా. ఎఫ్-1 మీద సర్కారు హైస్కూల్లో 12 నెలలకు మించి చదవరాదు, ఆ చదువుకు అయ్యే ఖర్చంతా మనమే ఆ స్కూలుకు కట్టాలె. ప్రైవేట్ స్కూలైతే ఫీజు వాళ్లు ఎంత చెప్తే అంత.

ఇప్పుడు నువ్వు లెక్కల టీచర్‌వి, నువ్వే చెప్పు. జే-1 అయితే ఇల్లు ఉత్తగ, అన్నం ఉత్తగ, మామూలుగ సర్కారు బడి కాబట్టి ఫీజు లేదు. మరి 12 లక్షలు ఎవరికి పోతున్నయి? ఇన్సూరెన్స్ ఉంటది, అమెరికా స్పాన్సర్ సంస్థ ఫీజు ఉంటది, అది న్యాయమే. మిగిలింది ఎవరిదో కాగితం మీద రాసియ్యుమని అడుగు. ఆ స్పాన్సర్ పేరు అమెరికా విదేశాంగ శాఖ జాబితాల ఉన్నదో లేదో వాళ్ల వెబ్‌సైట్ల చూస్కోవచ్చు. పేరు చెప్పకుంటే ఫోన్ పెట్టెయ్.

మేము ఎట్ల పంపినమో చెప్త. రోటరీ యూత్ ఎక్స్‌ఛేంజ్. మా ఆయన రోటరీ మెంబర్ కాదు, కాకున్నా నడుస్తది. లాంగ్ టర్మ్ అంటే ఒక విద్యా సంవత్సరం, 15 నుంచి 19 ఏండ్ల లోపు పిల్లలకు. మన ఊరి క్లబ్‌కు దరఖాస్తు ఇచ్చినం, వాళ్లు ఇంటర్వ్యూ చేసి డిస్ట్రిక్ట్‌కు పంపిండ్రు. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, రోటరీ లెక్కల చాలా పెద్ద ప్రాంతం. అక్కడ ఇంకో ఇంటర్వ్యూ. బిడ్డతోనే కాదు, మాతో కూడా మాట్లాడిండ్రు. ఇల్లు, బడి ఫీజు, నెలకు కొంత చేతి ఖర్చు అక్కడి క్లబ్ చూసుకుంటది. విమానం టికెట్, ఇన్సూరెన్స్, వీసా, బట్టలు, అక్కడ ఏమన్న అయితే అక్కరకు రావాలని ముందే పెట్టే డిపాజిట్, ఇవి మనవి. మాకు అప్పుడు అన్నీ కలిపి నాలుగు లక్షల లోపలనే అయింది. ఇప్పుడు టికెట్ల ధరలు పెరిగినయి, దానికి కొంచెం కలుపుకో.

కానీ దేశం మన ఇష్టం కాదు. మూడు నాలుగు పేర్లు రాయమంటరు, ఏది దొరికితే అది. మా బిడ్డ అమెరికా అని మొదట రాసింది, బ్రెజిల్ వచ్చింది. రెండు రోజులు మొఖం మాడ్చుకొని కూర్చున్నది. పోర్చుగీస్ ముక్క రాకుండ పోయింది. మొదటి నెలల ఫోన్ చేస్తే అన్నం ముచ్చట తప్ప ఇంకోటి లేదు: వాళ్లు కూడా రోజూ అన్నం, బీన్స్ తింటరు, కారం ఉండదు అంతే. మూడు నెలలు దాటినంక ఫోన్ చేసుడే తగ్గించింది. అది మంచి గుర్తు అని క్లబ్ వాళ్లు ముందే చెప్పిండ్రు గానీ, తల్లికి మాత్రం అట్ల అనిపించదు.

నియమాలు గట్టిగ ఉంటయి. బండి నడపొద్దు, తాగొద్దు, మత్తు మందులు ముట్టొద్దు, ప్రేమలు పెట్టుకోవద్దు. ఇంగ్లిష్ల నాలుగు "డీ"లు అంటరు. తప్పితే తెల్లారి టికెట్ చేతిల పెట్టి ఇంటికి పంపుతరు. మీ అత్తమ్మకు ఈ ఒక్క ముక్క వినిపించు, సగం గొడవ తగ్గుతది.

ఇంకోటి, ఇది ఎవరూ ముందుగాల చెప్పరు. మన పిల్లను వాళ్లు పెట్టుకున్నట్టే, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే పిల్లను మనం పెట్టుకోవాలె. మా ఇంట్ల ఒక ఫ్రాన్స్ పిల్ల కొన్ని నెలలు ఉన్నది. ఒక్క కుటుంబం దగ్గరనే ఏడాదంతా ఉంచరు, మార్చుతుంటరు. మా బిడ్డ రూమే ఆ పిల్లకు ఇచ్చినం. కమోడ్ ఉన్నది కాబట్టి అక్కడ పేచీ రాలేదు గానీ, బక్కెట్ స్నానం మాత్రం నేర్పాల్సి వచ్చింది. పచ్చిపులుసు అంటే ప్రాణం పెట్టింది. సకినాలు చేసేటప్పుడు మా అత్త పక్కన కూర్చొని చుట్టుడు నేర్చుకున్నది, ఆమె చుట్లు మా ఆడబిడ్డ చుట్ల కంటే నయం, ఈ మాట ఇక్కడ రాస్తున్న గానీ ఇంట్ల అనను. బతుకమ్మ టైంల వాడకట్టు ఆడోళ్లంత ఆమెకు తంగేడు, గునుగు తెచ్చిచ్చి పేర్పించిండ్రు. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఫొటోల కోసం జనం ఎగబడితే నాకే భయమైంది, చెయ్యి పట్టుకొని తిరిగిన. అందరు ఆడపిల్లలు స్కూటీల మీద తిరిగే హన్మకొండల ఆమెకు బండి ముట్టే అవకాశం లేదు. దాంతోని ట్యూషన్‌కు, డ్యాన్స్ క్లాస్‌కు, అన్నిటికీ మా ఆయనే డ్రైవర్. షాపు బంద్ పెట్టి పోయేటోడు. ఇదంతా ఖర్చే కదా, రసీదు ఉండదు అంతే. మీ ఇంట్ల ఒక రూమ్, ఒక మనిషి టైమ్ ఇయ్యగలరా లేదా అని ముందు ఆలోచించుకోండి. అది కుదిరితేనే రోటరీ కుదురుతది.

చదువు సంగతి. ఇంటర్ మొదటి ఏడు మధ్యల పంపే మాట పెట్టుకోకు. మన బోర్డుల మొదటి ఏడాది మార్కులు, రెండో ఏడాది మార్కులు కలిపి మెమో వస్తది, ఒక ఏడు అక్కడ చదివి వచ్చి నేరుగ సెకండియర్ల కూర్చునే పద్ధతి లేదు. పది అయినంక పోవుడే మేలు. పరీక్షలు మార్చి, ఏప్రిల్ల అయిపోతయి, అమెరికా బడులు ఆగస్టుల తెరుస్తరు, మళ్ల మే చివరన, జూన్ల మూస్తరు. వచ్చి జూన్ల ఫస్టియర్ల చేరొచ్చు. అడ్మిషన్ కాడ గ్యాప్ ఎందుకు అని అడుగుతరు, అక్కడి బడి ఇచ్చిన మార్కుల కాగితం, వీసా కాపీ ఫైల్ల పెట్టుకొని చూపించాలె. జేఈఈకి దీంతోని పేచీ లేదు, అది ఇంటర్ పాసైన ఏడు లెక్క చూస్తది.

బైపీసీ అయితే మాత్రం ఆగు. 2024ల వచ్చిన జీవో 33 ప్రకారం ఎంబీబీఎస్ల తెలంగాణ లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేండ్లు ఇక్కడ చదివి ఉండాలె. 2025 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మధ్యల ఏడాది బయట దేశంల ఉంటే ఆ "వరుసగా" అన్న మాట కాడ చిక్కు వస్తదా రాదా అని కాళోజీ హెల్త్ యూనివర్సిటీల రాతపూర్వకంగ అడిగి, జవాబు చేతిల పడ్డంకనే అడుగు ముందుకెయ్యి. యూనివర్సిటీ మన ఊర్లనే ఉండె, ఆటో కిరాయితోని పోయే పని. మా బిడ్డ ఎంపీసీ, అదీ ఈ జీవో రాకముందు. మా చెల్లె బిడ్డ డాక్టర్ అయితా అంటది కాబట్టి వాళ్లు ఈ ఆలోచననే మానుకున్నరు. మీ బిడ్డ ఏ గ్రూప్?

కాజీపేట_టీచరమ్మ:

అక్కా, ఎంత చెప్పినవో, మస్తు థాంక్స్. ఎంపీసీనే, రక్తం చూస్తే కండ్లు తిరుగుతయి దానికి. కన్సల్టెన్సీ వాళ్లకు ఫోన్ చేసి అడిగిన. మొదట "మేడం అవన్నీ మేము చూసుకుంటం" అన్నరు. గట్టిగ అడిగితే ఐ-20 అన్నరు, ప్రైవేట్ స్కూల్ అట. స్కూల్ పేరు డబ్బులు కట్టినంక చెప్తరట. ఇగ వాళ్ల సంగతి అయిపోయింది.

ఇంకో ముచ్చట. మా అన్న డల్లాస్ల ఉంటడు. విజిటర్ వీసా మీద పంపు, ఇక్కడ మా ఇంటి పక్క బడిల వేస్త, ఖర్చే ఉండదు అంటున్నడు. రోటరీల రూమ్ ఇచ్చుడు మాకు కష్టమే, రెండు గదుల క్వార్టర్ మాది.

నక్కలగుట్ట_మందుల_షాపు:

విజిటర్ వీసా మీద బడిల చేరరాదు, అది వీసా నిబంధనలకే విరుద్ధం. మీ అన్న ప్రేమతోనే అంటున్నడు గానీ, రేపు అదే బిడ్డ ఎంఎస్‌కు వీసా అడిగినప్పుడు ఈ రికార్డు ఎదురుంగ నిలబడుతది. వద్దు. సెలవులకు పంపి మామయ్యను చూసి రమ్మను, అదొక్కటే చెయ్యి.

హుజూరాబాద్_సైన్స్_సార్:

మేడం, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పాప గురించి మందుల షాపు మేడం బాగా చెప్పారు, నేను మీ బాబు గురించి రాస్తున్నాను. ప్రభుత్వ బడి పిల్లలకు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా విదేశం చూసే దారి ఒకటుంది, ఇన్‌స్పైర్ మానక్. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడుపుతాయి. పిల్లవాడి సొంత ఐడియాను బడి తరఫున ఆన్‌లైన్లో నమోదు చేస్తాం. ఎంపికైతే నమూనా తయారు చేయడానికి 10,000 రూపాయలు పిల్లవాడి ఖాతాలోనే పడతాయి. తర్వాత జిల్లా ప్రదర్శన, రాష్ట్రం, జాతీయ స్థాయి. జాతీయ స్థాయిలో మెరిసిన పిల్లల్లోంచి కొందరిని జపాన్ వాళ్ల సకురా సైన్స్ కార్యక్రమానికి తీసుకెళ్తారు. 2014లో జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ మొదలుపెట్టిన కార్యక్రమం అది. తెలంగాణ పిల్లలు కూడా వెళ్లొచ్చారు.

ఇది ఏడాది చదువు కాదు, వారం రోజుల పర్యటన. కానీ ప్రయోగశాలలు చూస్తారు, అక్కడి విద్యార్థులతో కూర్చుంటారు. అక్కడిదాకా వెళ్లేది కొద్దిమందే, అది మీ బాబుకు ముందే చెప్పండి. నేను చూసినంతవరకు జిల్లా స్థాయి దాటేవి ఇంట్లోంచి పుట్టిన ఐడియాలే. యూట్యూబ్‌లో చూసి అట్టముక్కలతో చేసిన రాకెట్‌ను జడ్జీలు ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టేస్తారు. పత్తి ఏరేటప్పుడు అమ్మ చేతి వేళ్లు కోసుకుపోతున్నాయని ఒక పిల్ల చేసిన తొడుగు దగ్గర మాత్రం పది నిమిషాలు నిలబడ్డారు. బాబు బడిలో సైన్స్ సార్‌ను ఈసారి నమోదు తేదీలు అడగమనండి. ఒక బడి నుంచి పంపే ఐడియాలకు పరిమితి ఉంటుంది, ముందే చెప్పుకోవాలి.

ఎస్_ప్రోగ్రాం_కరీంనగర్:

నమస్తే ఆంటీ. నేను కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ మీద అమెరికా వెళ్లొచ్చాను, దీన్నే ఎస్ (YES) ప్రోగ్రాం అంటారు. మీకు రూమ్ సమస్య అన్నారు కదా, దీంట్లో మనం ఎవరినీ ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. అమెరికా విదేశాంగ శాఖ 2002లో మొదలుపెట్టింది. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల కోసం పెట్టింది, అందులో ఇండియా ఉంది. అన్ని మతాల పిల్లలూ రాయొచ్చు, నేను హిందువునే. ఇండియాలో ఏఎఫ్ఎస్ ఇండియా అనే ఎక్స్‌ఛేంజ్ సంస్థ ద్వారా జరుగుతుంది. టికెట్, ఇన్సూరెన్స్, వీసా, నెలకు కొంత డబ్బు అన్నీ వాళ్లే ఇస్తారు. పాస్‌పోర్ట్, షాపింగ్ మనది. మొత్తం అక్కడి ప్రభుత్వ నిధుల మీద నడిచేది కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ గురించి నేరుగా ఏఎఫ్ఎస్ ఇండియాకే రాయండి, మధ్యవర్తులు ఎవరూ ఉండరు. ఉన్నామని ఎవరైనా చెబితే నమ్మకండి. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. రాతపరీక్ష కంటే గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ దగ్గర ఎక్కువ మంది పోతారు. మీ పాప వంటింట్లో తేలే రకం అన్నారు కదా, అలాంటి వాళ్లే వాళ్లకు కావాలి. మార్కుల యంత్రాలు కాదు.

మొదలుపెట్టే ముందు రెండు లెక్కలు చూసుకోండి. జే-1 స్కూల్ ఎక్స్‌ఛేంజ్‌కు వెళ్లే నాటికి 15 నిండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. ఒకటో తరగతి నుంచి లెక్కేస్తే 11 ఏళ్ల కంటే ఎక్కువ చదివి ఉండకూడదు. పది అయిపోయిన పిల్లకు ఇబ్బంది లేదు. కానీ మన దగ్గర తొందరగా బడిలో వేసే అలవాటు ఉంది కదా, పుట్టిన తేదీ చూడండి.

ఇంకొకటి, అమ్మానాన్నలు భయపడే విషయం. ప్రభుత్వ డబ్బుతో వెళ్లిన వాళ్లకు రెండేళ్ల నిబంధన వర్తిస్తుంది. తిరిగొచ్చాక రెండేళ్లు మన దేశంలో ఉంటే గానీ హెచ్-1బీ, గ్రీన్ కార్డ్ ఇవ్వరు. మా నాన్న ఇది విని వద్దన్నాడు, "రేపు ఉద్యోగం రాదు" అని. కానీ తిరిగొచ్చి ఇంటర్, బీటెక్ ఇక్కడే చదివితే ఆరేళ్లు అవుతాయి, రెండేళ్లు ఎప్పుడో దాటిపోతాయి. పై చదువుకు స్టూడెంట్ వీసాకు ఈ నిబంధన అడ్డు రాదు.

అక్కడికి వెళ్లాక ఊరు కూడా మన ఎంపిక కాదు. నాకు మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరు పడింది, మొక్కజొన్న చేన్ల మధ్య. జమ్మికుంట కంటే చిన్నది. ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ ఉన్న సిటీలో పడతామని ఊహించుకుంటే మొదటి నెల ఏడుపే. అక్కడి బడి డిప్లొమా ఇవ్వాలనే నియమం లేదు, నాకు ఇవ్వలేదు కూడా. మార్కుల పట్టిక ఇచ్చారు, అది చాలు. ఉద్యోగం చేయకూడదు, పక్కింటి పిల్లలను చూసుకోవడం, గడ్డి కోయడం లాంటివి అప్పుడప్పుడు చేసుకోవచ్చు.

కాజీపేట_టీచరమ్మ:

ఎంత వివరంగ రాసినవమ్మా. బిడ్డ పుట్టింది అక్టోబర్‌ల, పోయిన అక్టోబర్‌కు 15 నిండినయి, సరిపోతది అనుకుంటున్న. సార్, బాబు వాళ్ల సైన్స్ మేడంతోని రేపే మాట్లాడుత. ఏఎఫ్ఎస్ వాళ్లకు ఈరోజే మెయిల్ పెడుత. పాస్‌పోర్ట్ లేదు ఇద్దరికీ. అది ఎంత టైం పడతది? వీసా దాకా పోతే ఇంకేం ఖర్చులుంటయి?

నక్కలగుట్ట_మందుల_షాపు:

పాస్‌పోర్ట్ ఇప్పుడే పెట్టెయ్యి, ఎంపిక అయినంక పెడుదామంటే పరుగులే. మైనర్‌కు ఫీజు 1,000 రూపాయలు. 15 దాటిన పిల్లకు 1,500 కట్టి పదేండ్లది కూడా అడగొచ్చు, అదే మేలు. తల్లిదండ్రులిద్దరి సంతకంతోని అనుమతి పత్రం ఉండాలె. కాబట్టి మీ ఆయన డ్యూటీ చూసుకొని స్లాట్ పెట్టుకోండి. ఆధార్ల, బర్త్ సర్టిఫికెట్ల, బడి రికార్డుల పేరు అక్షరం అక్షరం ఒక్కటే ఉన్నదా చూడు. మా బిడ్డకు ఇంటిపేరు కాడ ఒక అక్షరం తేడా ఉంటే మున్సిపల్ ఆఫీసు చుట్టు తిరిగినం.

అమెరికా వీసా అయితే ఇంటర్వ్యూ హైదరాబాద్ల, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. మామూలుగ జే-1కు వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు అమెరికా సర్కారు పెట్టుకునే రికార్డు) ఫీజు 220 డాలర్లు. ఎస్ ప్రోగ్రాం అయితే ఆ ఖర్చు వాళ్లదే. 2025 జూన్ నుంచి ఈ వీసాలకు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్ల పెట్టుమంటున్నరు, బిడ్డ ఇన్‌స్టాగ్రామ్ ఒకసారి నువ్వు కూడా చూడు.

ఇగ రోటరీ సంగతి: రూమ్ కష్టమైతే ఆ మాట క్లబ్‌ల దాచకుండ చెప్పు. మా టైంల ఒక కుటుంబం బదులు వాళ్ల మేనమామ ఇంట్ల పెట్టుకున్నరు, క్లబ్ ఒప్పుకున్నది. మీకు కూడా ఒప్పుకుంటరా అంటే క్లబ్ చేతిల ఉన్నది. రెండు చోట్ల దరఖాస్తు పెట్టుకో, ఎస్ ప్రోగ్రాం ఒకటి, రోటరీ ఒకటి. ఆదివారం పొద్దున షాపుల ఉంట, అత్తమ్మను కూడా తీసుకొని రా. ఆమెతోని మా అత్త మాట్లాడుతది.